మెట్ల కింద దగ్గు

మా ఇంట్లో ఎవరూ పొగ తాగేవారు కారు. మా నాయన చుట్ట తాగేవాడు, నేను సిగరెట్టు తాగేవాణ్ణి, అయినా ఎవరూ తాగేవారు కారు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరడం లేదని మీకనిపిస్తే మీరు మా కాలం వాళ్లు కారన్నమాట. పెద్దల ఎదుట పొగ తాగకూడదు. తాగుతున్నట్టు వాళ్లకు తెలియకూడదు. ఒకవేళ తెలిసినా వాళ్లు తెలిసినట్టు ఉండకూడదు. నాయనను కన్న మా అవ్వ ఇంట్లో ఉంది కాబట్టి ఆయన ఇంట్లో చుట్ట ముట్టించేవాడు కాదు. ఆయన ఉన్నాడు కాబట్టి నేను మిద్దె మీద తప్ప ముట్టించేవాణ్ణి కాదు. అవ్వ మాత్రం నట్టింట్లో కూర్చుని అందరి ముందూ పొడుం పీల్చేది. ఆమెకు పైన పెద్దవాళ్లెవరూ మిగల్లేదు.

ఇల్లు వాషర్‌మెన్‌పేటలో. మావాళ్లు నెల్లూరు దిక్కు నుంచి ఈ ఊరికి ఎప్పుడు వచ్చారో ఎవరికీ తెలియదు. అడిగితే అవ్వ, తానే దగ్గరుండి బండి దించినట్టు, "ఎప్పుడో వచ్చినాం" అనేది. మద్రాసు మనదా వాళ్లదా అని ఊరంతా వాదించుకుని అలసిపోయి, ట్రాములు కూడా తీసేసిన తరువాతి రోజులవి. మేము ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం. నాయన రాయపురం దిక్కున ఒక కట్టెల అడితిని చూసుకునేవాడు. కట్టెల మధ్య నిప్పు కూడదు గనక ఆయన చుట్ట కోసం రోడ్డు దాటి, అవతలి గోడ పక్కన నిలబడేవాడు. అడితికి వచ్చే వాళ్లందరూ ముందు ఆ గోడ దగ్గర వెతికి, తరువాతే లోపలికి వెళ్లేవారు.

నేను బీచి రోడ్డులో ఒక ఓడల కంపెనీలో టెంపరరీ గుమాస్తాను. పని గట్టి కావాలంటే కంపెనీ డాక్టరు రొమ్ము పరీక్ష చేయాలి. దగ్గున్నవాణ్ణి ఉంచుకోరు. ఆ రోజుల్లో దగ్గంటే ఒకటే అర్థం, ఆ మాట పైకి అనడానికి కూడా జనం భయపడేవారు. నా కుర్చీలో నాకు ముందు కూర్చున్నతను ఆ పరీక్షలోనే పోయాడు. పోయాడంటే ఇంటికి పోయాడు. ఆ కుర్చీ నాకు వచ్చింది. వానాకాలం నుంచి నాకూ దగ్గు పట్టుకుంది. పరీక్ష ఎండాకాలంలో. అడితి యజమాని కొడుకులకు కట్టెల మీద మనసు లేదు, ఆ స్థలం అమ్మేస్తారని అప్పటికే వినపడుతోంది. నాయన పని ఎన్నాళ్లుంటుందో తెలియదు. నా పని ఊడితే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగేదో నాకు తోచేది కాదు. ఇదంతా ఆలోచించుకోవడానికి నేను మిద్దె మీదికి వెళ్లి సిగరెట్టు ముట్టించేవాణ్ణి.

మిద్దె మీదికి ఇరుకైన ఇటుక మెట్లు. ఆఫీసు నుంచి రాగానే ఎక్కి, ఆరేసిన చీరల చాటున నిలబడేవాణ్ణి. ఒక్కొక్క సాయంత్రం నాయన కూడా తువ్వాలు ఆరేయడానికి పైకి వచ్చేవాడు. వచ్చే ముందు మెట్ల కింద నిలబడి దగ్గేవాడు. మామూలు దగ్గు కాదది. గొంతు సవరించుకుని, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి అందుకునే దగ్గు. అది వినగానే నేను సిగరెట్టు పక్కింటి మిద్దె మీదికి విసిరేసి, జేబులోని ఏలక్కాయ నోట్లో వేసుకునేవాణ్ణి. ఆయన పైకి వచ్చి, తువ్వాలు ఆరేసి, ఆకాశం చూసి, వాన వచ్చేట్టుందనో రానట్టుందనో చెప్పి దిగిపోయేవాడు. ఈయనకు చుట్ట బాగా ముదిరిపోయింది, మెట్లు కూడా ఎక్కలేకపోతున్నాడు అనుకునేవాణ్ణి. జాలీ వేసేది, చికాకూ వేసేది. సగం సిగరెట్టు పోయిన చికాకు.

ఆ మధ్య అవ్వకు జ్వరం వస్తే మా వీధి డాక్టరు ఇంటికి వచ్చాడు. నేను వేడినీళ్లు తెచ్చి పెడుతూ దగ్గాను. ఆయన అవ్వ చెయ్యి పట్టుకునే కళ్లజోడు పైనుంచి నన్ను ఒకసారి చూసి, మళ్లీ అవ్వ చేతికేసి చూసుకున్నాడు. మర్నాడు అవ్వ మందు కోసం నాయన డాక్టరు దగ్గరికి వెళ్లాడు. సీసాడు మందు తేవడానికి చాలాసేపు పట్టింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన మజ్జిగ పోసుకోకుండా చెయ్యి ఆపి చెప్పాడు.

"డాక్టరు నన్ను పొగ మానెయ్యమన్నాడు. ఈ పొద్దు నుంచి మానేసినా. ఒంటిగా అయితే నా వల్ల కాదు. మీరందరూ కొంచెం సాయం చెయ్యాల."

మా ఇంట్లో ఇట్లాంటి మాట అంతకు ముందు ఎవరూ వినలేదు. పొగ అనే మాటా వినలేదు, నాయన సాయం అడగడమూ వినలేదు. అందరికన్నా ముందు తేరుకున్నది అవ్వ.

"ఎప్పుడు మొదలుపెడితివిరా, మానేదానికి?" అంది.

అమ్మ ఒక్కసారిగా ఎందుకు, కొంచెం కొంచెంగా తగ్గించుకోరాదా అంది. కొంచెం కొంచెంగా మానడమంటే కొంచెం కొంచెంగా తాగడమే అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు. తరువాత నా వైపు తిరిగాడు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నేను తనతో వీధి తిన్నె మీద కూర్చోవాలట. ఒంటరిగా ఉంటే మనసు చుట్ట మీదికే పోతుందట. కన్నతండ్రి ప్రాణం మీదికి వచ్చి అడుగుతుంటే కాదనే కొడుకెవడుంటాడు? సరి నైనా అన్నాను. మిద్దె మీద నా స్థలం నా కళ్లముందే వేరెవరికో రాసిచ్చినట్టయింది.

తిన్నె రాతి మీద ఎవరో ఎప్పుడో చెక్కిన పులిజూదం గీతలున్నాయి. సాయంత్రమయ్యేసరికి నాయన చింతగింజలూ గులకరాళ్లూ పెట్టుకుని కాచుకుని ఉండేవాడు. పులులు ఎప్పుడూ ఆయనవే, మేకలు నావి. మధ్యలో అమ్మ ఇచ్చిన రేకు డబ్బా. అందులో లవంగాలు, కలకండ, వేయించిన వాము. చుట్ట మీద మనసు పోయినప్పుడల్లా ఒక లవంగం. ఆట మొదలైన కాసేపటికే ఆయన తన పులిని తానే మూలకు తోసుకునేవాడు. చెమటలు పట్టేవి. రసంలో ఉప్పు లేదని అమ్మను అరిచి, ఉందని చెబితే ఎందుకు వేశావని అరిచేవాడు.

వీధి అంతా ఆయనకు అండగా నిలబడింది. ఎదురింటి అరవావిడ రోజూ సొంటి కాఫీ పంపేది. పాలు పోసే మనిషి కూడా దుత్త దించి, పెద్దాయన ఎట్లున్నాడని అడిగి పోయేవాడు. పట్టుదలగా ఉన్నాడు, రొంబ గెట్టి మనిషి అని ఒకరికొకరు చెప్పుకునేవారు. నా ఒంటికీ చెమటలు పడుతున్నాయని, నాకూ తలకాయ పగిలిపోతోందని, నాకూ పొద్దున కడుపు కదలడం లేదని ఎవరికి చెప్పుకోను? దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. నాయన మీద నాకు మంట. మానేది ఆయన, మధ్యలో నేనెందుకు మాడిపోవాలి?

రెండు మూడు రోజులు చూసి, ఒక పొద్దున ఆఫీసుకు పోతూ పక్కవీధి పెట్టెకొట్టు దగ్గర ఆగాను. ఆ కొట్టులో నేను ఎప్పుడు సిగరెట్లు కొన్నా మా ఆఫీసులో పెద్దగుమాస్తా కోసమని చెప్పేవాణ్ణి. కొట్టతను డబ్బు అందుకోకుండా నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏమబ్బయ్యా, నీకిది న్యాయమేనా? ఆ పెద్దాయన అంత కష్టపడి మానతా ఉంటే, నువ్వే కొనుక్కుపోయి ఇస్తావా?"

నాయన ముందు రోజే బస్సు స్టాపు దాకా ఉన్న కొట్లన్నీ తిరిగి, మా ఇంటి నుంచి ఎవరు వచ్చి ఏమడిగినా ఇవ్వొద్దని చెప్పి వెళ్లాడట. ఆయన తాగేది చుట్ట, నేనడిగేది సిగరెట్టు అన్నాను. చుట్ట దొరకనివాడు సిగరెట్టుకు దిగడా అన్నాడు. అయ్యా, ఇది మా నాయనకు కాదు, నాకు అనే ఒక్క మాట అనేస్తే సరిపోయేది. ఆ మాట సాయంత్రానికి తిన్నె దాకా నడిచి వస్తుంది. అనలేక తిరిగి వచ్చేశాను. మర్నాటికల్లా వీధిలో అందరికీ అర్థమైపోయింది, నేను ఇన్నేళ్లుగా తండ్రికి దొంగతనంగా పొగ మోస్తున్న కొడుకునని. ఎదురింటావిడ నా చొక్కా జేబు చూడకుండా నన్ను లోపలికి పోనిచ్చేది కాదు. అమ్మకు కూడా ఈ మాట చేరింది. ఆమె నన్ను కాసేపు చూసి, కాళ్లు కడుక్కుని రా, అన్నం పెడతాను అంది.

ఇక మిగిలింది ఆఫీసు. అక్కడ నా మీద కాపలా లేదు. మధ్యాహ్నం టిఫిన్ వేళ బీచి రోడ్డులో ఒక కొట్టు దగ్గర నిలబడి హాయిగా తాగాను. తాగుతూ ఎదురుగా హార్బరు వైపు చూస్తే ఓడ గొట్టాలన్నీ నిస్సిగ్గుగా పొగ వదులుతున్నాయి. వాటికి నాయనలు లేరు.

ఆ సాయంత్రం తిన్నె మీద ఎప్పటిలాగే కూర్చున్నాం. నాయన కళ్లు గుంటలు పడి ఉన్నాయి. పులిని ఎత్తి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. నేను ఏదో చెప్పబోయి ముందుకు వంగాను. ఆయన ముక్కుపుటాలు ఒక్క క్షణం విచ్చుకున్నాయి. ఏలక్కాయ నమిలే వచ్చాను గానీ, ఆ రోజంతా పొగకు మొగం వాచి ఉన్న మనిషి ముక్కుకు ఏలక్కాయ ఒక లెక్కా? పులిని పెట్టకూడని చోట పెట్టి, లవంగం డబ్బా నా వైపు కొంచెం జరిపి, ఆట నీదేరా అన్నాడు. ఓడిపోయి కూడా ఎవరి మీదా అరవని సాయంత్రం అదొక్కటే. నాకు సిగ్గు వేసింది. ఆకలితో ఉన్నవాడి ఎదుట త్రేన్చినట్టనిపించింది. మర్నాటి నుంచి టిఫిన్ వేళ కుర్చీలోంచి లేవలేదు.

ఒక్కసారిగా మానడం ఎట్లా ఉంటుందో మానినవాళ్లకు చెప్పనక్కర్లేదు, మాననివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఆఫీసులో కూడికలన్నీ తప్పులు పోయాయి. బస్సులో ఎవడి కాలో తొక్కి, తొక్కినందుకు వాడినే తిట్టాను. ఇంట్లో నాయన అరుపులకు నా అరుపులు తోడయ్యాయి. ఆయన అరవడానికి కారణముంది, నాకేం వచ్చిందని అవ్వ ఆశ్చర్యపోయేది. మీ ఇద్దరినీ చూస్తే నాకూ మానాలని ఉంది గానీ పొడుం పొగ కాదు గదా అని డబ్బా తీసి ఒక పట్టు పట్టేది. నేను ఎవరూ చూడనప్పుడు నాయన రేకు డబ్బాలోంచి లవంగాలు దొంగిలించి నమిలేవాణ్ణి. ఎంత దొంగిలించినా ఆ డబ్బా తరగలేదు. అమ్మ చెయ్యి ధారాళమైంది అనుకున్నాను.

మాఘం దాటిన తరువాత ఒక ఆదివారం నాయన నన్ను ఎన్నూరుకు తీసుకుపోయాడు. ఉత్తరాన్నించి కాలవలో పడవల మీద సరుగుడు కట్టెలు వస్తాయి, వాటిని చూసి బేరం చేయాలి. ఒంటరిగా పోతే మనసు నిలవదు, తోడు రమ్మన్నాడు. ఉప్పుగాలి, చేపల వాసన, గట్టున పడవలు. పడవలవాళ్లందరూ మన నెల్లూరు దిక్కు వాళ్లే, అందరి నోళ్లలోనూ చుట్టలే. గట్టంతా పొగ. మేమిద్దరం ఆ పొగలో పక్కపక్కన నిలబడి కట్టెల బరువు గురించి మాట్లాడాం. గాలి మా వైపు తిరిగినప్పుడల్లా ఇద్దరి మాటలూ ఆగిపోయేవి. బేరం కుదిరాక పడవ పెద్ద మొలలోంచి కొత్త చుట్ట తీసి నాయన ముందు పెట్టాడు. బేరం కుదిరితే చుట్ట పంచుకోవడం ఆ గట్టున మర్యాద. నాయన చెయ్యి సగం దాకా పోయి వెనక్కి వచ్చింది. మానేసినానన్నాడు. పడవ పెద్ద నమ్మలేనట్టు చూసి, ఆ చుట్టను నా వైపు తిప్పాడు.

"చిన్నాయనా, నువ్వన్నా పట్టు."

"నాకు ఆ అలవాటు లేదు" అన్నాను.

నాయన కాలవలో నీళ్లు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి, "మావాడికి ఆ అలవాటు లేదు" అని నా మాటనే మళ్లీ చెప్పాడు. పడవ పెద్ద చుట్టను తన చెవి మీద పెట్టుకున్నాడు.

తిరుగు రైల్లో నాయన డబ్బా తెరిచి కొన్ని లవంగాలు నా చేతిలో పోశాడు. ఎండకు మంచిదన్నాడు. లవంగం ఎండకు మంచిదని అంతకు ముందు ఎవరూ చెప్పగా వినలేదు. నేను నోట్లో వేసుకున్నాను, ఆయనా వేసుకున్నాడు, రాయపురం వచ్చేదాకా ఇద్దరం నములుతూ కూర్చున్నాం.

ఎండలు ముదిరాయి. నా దగ్గు ఎప్పుడు తగ్గిందో నేను గమనించలేదు. నేను గమనించింది నాయన దగ్గు. ఇంత కష్టపడి మానేసినా మెట్ల కింద ఆయన దగ్గు తగ్గలేదు. ఆట అయిపోయాక గాలి కోసం నేను అప్పుడప్పుడు మిద్దెకు ఎక్కేవాణ్ణి. తువ్వాలు పట్టుకుని ఆయన వచ్చేవాడు. కింద నిలబడి మళ్లీ అదే దగ్గు, గొంతు సవరించుకుని, మొదటి నుంచి. రోగం లోపల ముదిరిపోయాక మానాడు, ఇక లాభం లేదు కాబోలు అనుకునేవాణ్ణి. నా పరీక్ష కన్నా ఆయన దగ్గు నన్ను ఎక్కువ భయపెట్టింది. డాక్టరును అడుగుదామంటే ఏం చెబుతాడోనని కాళ్లు రాలేదు.

కంపెనీ డాక్టరు నన్ను మిషను ముందు నిలబెట్టి ఊపిరి పట్టమన్నాడు, వదలమన్నాడు, దగ్గమన్నాడు. దగ్గు రాలేదు. వానాకాలం నుంచి నన్ను వదలని దగ్గు, రమ్మని పిలిస్తే రాలేదు. ఆ వారంలోనే పని గట్టి అయిందని చెప్పారు. ఇంటికి వచ్చి తిన్నె మీదున్న నాయనకు చెబితే తల ఊపి, సంతోషం అన్నాడు. అవ్వ దిష్టి తీసింది. నేను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్లాను. వంటింటి కిటికీ ఆ పక్కనే. నాయన లోపలికి వచ్చినట్టు చెప్పుల చప్పుడైంది. అమ్మ ఏదో జాడీ జరిపిన చప్పుడు వినపడింది.

"ఇదో, దాచి పెట్టినా. పిలకాయ పని గెట్టి ఆయె గదా. మానాల్సింది వాడని గదా డాక్టరు చెప్పింది, మీ రొమ్ముకేమీ లేదన్నాడు గదా. ఇంక ఒకటి ముట్టించుకోండి, పాపం."

నాయన చేతిలో చుట్టల కట్ట పట్టుకుని ఉన్నాడో, వాసన చూస్తున్నాడో నాకు కనపడలేదు.

"వద్దులే" అన్నాడు. "నేను ముట్టిస్తే వాడికి మళ్లా దోవ దొరుకుతాది. అవతల పారెయ్."

కొళాయి కింద పెట్టిన బిందె నిండి నీళ్లు నా కాళ్ల మీదుగా పోతున్నాయి. డాక్టరు ఆ రోజు మందుతో పాటు నా సంగతి కూడా చెప్పి పంపాడన్నమాట. ఆ మాట నాయన నాకు చెప్పాలంటే, ముందు నేను తాగుతున్నానని ఆయనకు తెలియాలి. ఆయనకు తెలియదు. తెలియకూడదు గనక తెలియదు. అందుకని ఊరంతటికీ తన పొగ చాటింపు వేసుకుని, నా కోసం తాను మాడాడు. నాకు ఏడుపు వచ్చింది. కొళాయి కట్టేసి, మొగం కడుక్కుని, ఎవరికీ కనపడకుండా మిద్దె ఎక్కాను.

చీరలు ఆరిపోయి గాలికి కొట్టుకుంటున్నాయి. పక్కింటి మిద్దె మీద నేను ఒకప్పుడు విసిరిన సిగరెట్టు ముక్కలు ఎండకు తెల్లబడి ఇంకా అక్కడే ఉన్నాయి. కాసేపటికి మెట్ల కింద నాయన దగ్గు వినపడింది. గొంతు సవరించుకుని, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి. డాక్టరు ఏమీ లేదన్న రొమ్ములోంచి వస్తున్న దగ్గు. దగ్గి, ఎప్పటిలాగే అక్కడే ఆగి, నాకు కావలసినంత సమయం ఇచ్చి నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లూ ఆయన రోగంతో దగ్గుతున్నాడనుకున్నాను. నాకు పారేసుకునే వేళ ఇస్తున్నాడు.

నేను మెట్ల మొదటికి వచ్చి కిందికి వంగాను. తువ్వాలు భుజాన వేసుకుని, గోడకు చెయ్యి ఆనించి, నేల చూస్తూ ఉన్నాడు.

"రా నైనా" అన్నాను. "ఈడేమీ లేదు."

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. తరువాత ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చి, తువ్వాలు ఆరేసి, ఆకాశం చూసి, ఈ యేడు వాన ముందే వచ్చేట్టుందన్నాడు. అవునన్నాను. ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆయన ఆ మెట్లు ఎక్కాడు గానీ, కింద నిలబడి దగ్గలేదు.